కార్లో గాలి హోరు: దారి వెతక్కుండా మూతలు వేస్తే తగ్గదు

(రికార్డింగ్ విని టైప్ చేసింది. రాలేకపోయినవాళ్ళ కోసం. తడబాట్లు మాత్రం తీసేశాం, మిగతాదంతా మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? సరే, అయితే మొదలుపెడదాం.

ముందు ఒక ప్రశ్న అడుగుతా, చేతులెత్తండి. హైవే ఎక్కి స్పీడ్ వంద దాటాక పక్క సీట్లో మనిషితో మాట్లాడ్డానికి గొంతు పెంచేవాళ్ళు ఎంతమంది? చూశారా, దాదాపు అందరూ ఎత్తారు. వెనక సీట్లోంచి ఎవరైనా ఏదన్నా అడిగితే "ఆఁ? ఏంటీ?" అని రెండోసారి చెప్పించుకునేవాళ్ళు? అదీ అందరూనే. ఓ మూడు గంటలు అలా నడిపి దిగాక తల దిమ్మెక్కినట్టు ఉంటుంది, నిద్ర సరిపోలేదేమో అనుకుంటాం, ఎండ అనుకుంటాం, నిజానికి అందులో పెద్ద వాటా ఆ హోరుదే. చెవి పక్కనే ఎవరో గంటల తరబడి "హుష్షు" అంటూ ఉంటే ఎవరికైనా అలసట రాదా?

నేను కార్లలో శబ్దాలు వెతికే పనిలో చాలా ఏళ్ళ నుంచి ఉన్నా. ఒక సంగతి చెప్తా. ఒకాయన కారు తీసుకొచ్చాడు. నాలుగు డోర్లు, ఫ్లోర్, రూఫ్, డిక్కీ, ఎక్కడా జానెడు ఖాళీ లేకుండా డ్యాంపింగ్ షీట్లు, అంటే రేకు అదురు తగ్గించడానికి అతికించే షీట్లు, అతికించి ఉన్నాయి. బోలెడు డబ్బు పెట్టాడు, వారం రోజులు కారు వదులుకున్నాడు, హోరు మాత్రం అలాగే ఉంది. పాపం చాలా బాధపడ్డాడు. నేను పక్క సీట్లో కూర్చుని వెళ్ళా, ఓ తొంభై దగ్గర మొదలైంది, డ్రైవర్ ఎడమ చెవికో కుడి చెవికో కాదు, సరిగ్గా నెత్తికి పక్కన, డోర్ పై మూల నుంచి సన్నగా బుస కొడుతోంది. ఆపి చూస్తే ఆ మూలలో డోర్ రబ్బరు, అదే మనం బీడింగ్ అంటాం కదా, అది ఓ నాలుగు వేళ్ళ మేర మెలిపడి లోపలికి ముడుచుకుని ఉంది. వేలితో లాగి సరిచేశా. మళ్ళీ వెళ్ళాం. బుస లేదు. అంతే. నాలుగు వేళ్ళ రబ్బరు.

ఇవాళ నేను చెప్పదల్చుకున్నది మొత్తం ఆ నాలుగు వేళ్ళ రబ్బరు గురించే అనుకోండి. గాలి హోరు ఎక్కడ పుడుతోంది, ఎక్కడి నుంచి లోపలికి దూరుతోంది, ఈ రెండూ తెలీకుండా మీరు ఏం అతికించినా అది గుడ్డిగా చేసినట్టే. ఈ మాట ఇవాళ నేను చాలాసార్లు అంటాను, విసుక్కోకండి.

సరే, అసలు అది గాలేనా? ముందు అది తేల్చుకోవాలి. కార్లో మూడు పెద్ద శబ్దాలుంటాయి, ఇంజిన్, టైర్లు, గాలి. ఇంజిన్‌ది తేలిక, గేర్ మారితే మారుతుంది, ఆర్‌పీఎం బట్టి పెరుగుతుంది. టైర్ల శబ్దం రోడ్డుని బట్టి మారుతుంది. సిమెంట్ రోడ్డు మీద నుంచి కొత్త తారు రోడ్డు మీదకి వెళ్ళగానే ఒక్కసారిగా ఎవరో దుప్పటి కప్పినట్టు తగ్గిందా, అది టైర్లు. గాలిది రోడ్డుతో సంబంధం లేదు, దాని సంబంధం స్పీడ్‌తోటీ గాలి వీచే దిక్కుతోటీ. వెళ్ళేటప్పుడు ఒకలా, అదే రోడ్డు మీద అదే స్పీడ్‌లో తిరిగొచ్చేటప్పుడు ఇంకోలా వినపడితే అది గాలి. పెద్ద లారీ పక్క నుంచి వెళ్ళేటప్పుడు శబ్దం ఊగినట్టు పెరిగి తగ్గితే అదీ గాలే. మామూలుగా వంద లోపు టైర్లదే పైచేయి, వంద దాటే కొద్దీ గాలి గెలుస్తుంది. మీ బాధ అరవై దగ్గరే మొదలవుతోంది అంటే ముందు టైర్లు చూస్కోండి, గాలి సంగతి తర్వాత.

వంద దాటాక ఎందుకంత ఉధృతంగా పెరుగుతుంది? ఇది చాలామందికి తెలీదు, తెలిస్తే ఆశ్చర్యపోతారు. గాలి వల్ల పుట్టే శబ్దానికి లెక్క కట్టినాయన జేమ్స్ లైట్‌హిల్ అని బ్రిటిష్ గణిత శాస్త్రవేత్త, 1952లో, జెట్ విమానాల రొద కోసం. ఉత్త గాల్లోనే సుడులు తిరిగి పుట్టే శబ్దం వేగానికి ఎనిమిదో ఘాతంలో పెరుగుతుందని ఆయన తేల్చాడు. తర్వాత 1955లో కర్ల్ అనే ఆయన, గాలి ఒక గట్టి వస్తువుని తాకుతూ పోతే ఏమవుతుందో చూసి, అక్కడ అది ఆరో ఘాతం అని చూపించాడు. మన కారు సంగతి ఎక్కువగా ఈ రెండోదే. ఆరో ఘాతం అంటే ఏంటి? స్పీడ్ రెట్టింపైతే శబ్ద శక్తి రెట్టింపు కాదు, నాలుగింతలు కాదు, 64 రెట్లు. శబ్దాన్ని కొలిచే డెసిబెల్స్‌లో 18 పెరుగుతుంది. మన వాడకంలోకి తెస్తే, 80 నుంచి 120కి వెళ్తే దాదాపు 11 రెట్లు, అంటే పదిన్నర డెసిబెల్స్, మన చెవికి సుమారు రెట్టింపు గోల. దీన్నే తిప్పి చూడండి, 120 నుంచి 100కి దిగితే గాలి శబ్ద శక్తి మూడో వంతుకి పడిపోతుంది. మూడో వంతు! పైసా ఖర్చు లేకుండా. బండిలో పసిపిల్ల నిద్రపోతుంటే, లేదా వయసు మీద పడ్డవాళ్ళు ఉంటే, ఓ ఇరవై తగ్గించండి. నేను మనస్ఫూర్తిగా చెప్తున్నా.

ఇప్పుడు అసలు విషయం. గాలి కార్లో మూడు రకాలుగా గోల చేస్తుంది. ఒకటి, కారు ఆకారం వల్ల బయట పుట్టేది. రెండు, సందుల్లోంచి దూరేది, అంటే లీకు. మూడు, గుంటల మీద నుంచి పోతూ ఊదేది, ఖాళీ సీసా మూతి మీద ఊదితే మోగుతుంది కదా, అలాంటిది. నేను రెండోదాని దగ్గర ఎక్కువసేపు ఉంటా, ఎందుకంటే మన చేతిలో ఉన్నది ముఖ్యంగా అదే. కారు ఆకారం మనం మార్చలేం.

ఇంత చిన్న లీకుకి అంత నష్టమా అని అడుగుతారు. ఒక లెక్క చెప్తా, కాస్త ఓపిగ్గా వినండి. ఒక గోడ ఉంది, అది శబ్దాన్ని 40 డెసిబెల్స్ ఆపుతుంది, చాలా మంచి గోడ. దాంట్లో నూటికి ఒక వంతు ఖాళీ వదిలారనుకోండి. ఇప్పుడు ఎంత ఆపుతుంది? 39? 38? కాదండీ, 20. మిగతా గోడని మీరు ఉక్కుతో కట్టండి, మీటరు మందం కట్టండి, ఆ నూటికి ఒక వంతు ఖాళీ ఉన్నంతకాలం 20 దాటదు. వెయ్యికి ఒక వంతు ఖాళీ అయితే హద్దు 30. ఇప్పుడు డోర్‌కి రండి. డోర్ వైశాల్యం ఒక చదరపు మీటరు అనుకుందాం. ఒక్క మిల్లీమీటరు సందు, ఒక మీటరు పొడవు. అది పది చదరపు సెంటీమీటర్లు, అంటే సరిగ్గా వెయ్యికి ఒక వంతు. కంటికి కూడా ఆనని సందు మీ డోర్‌ని 30 దగ్గర కట్టేస్తుంది. ఇందాక చెప్పిన ఆయన డోర్ నిండా షీట్లు అతికించాడు చూడండి, ఆయన గోడ మందం పెంచాడు, కన్నం అలాగే ఉంచాడు. తప్పు ఆయనది కాదు, ముందు వెతుకుదాం అని ఆయనకి ఎవరూ చెప్పలేదు.

ఇంకో విచిత్రం ఏంటంటే, కారు ఆగి ఉన్నప్పుడు ఈ సందు ఉండకపోవచ్చు. ఎలాగంటారా? ముందు అద్దం పక్కన వాలుగా ఉండే స్తంభం ఉంది కదా, ఏ-పిల్లర్ అంటారు, గాలి దాని అంచు తిరిగేటప్పుడు వేగం పుంజుకుంటుంది, వేగం పెరిగిన చోట పీడనం పడిపోతుంది. అంటే డోర్ బయట గాలి డోర్‌ని బయటికి పీల్చుకుంటోంది అన్నమాట. ఎంత బలంగా? సెకనుకి 30 మీటర్లు, అంటే గంటకి 108 కిలోమీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సుమారు 540 పాస్కల్స్, చదరపు మీటరుకి 55 కేజీలు లాగినంత. పీల్పు కూడా దాదాపు ఆ స్థాయిలోనే ఉండొచ్చు. డోర్ కింది భాగం గట్టిది, అద్దం చుట్టూ ఉండే పై ఫ్రేమ్ సన్నది, ఆ లాగుడికి అది వెంట్రుకవాసి బయటికి వంగుతుంది. రబ్బరు కొత్తదైతే ఉబ్బి ఆ సందుని నింపేస్తుంది. పాతబడి నొక్కుకుపోయిన రబ్బరు నింపలేదు. అందుకే కారు నిలబెట్టి చూస్తే అంతా బిగుతుగానే ఉంటుంది, వంద దాటగానే బుస. మెకానిక్ "ఏం లేదండీ, బాగానే ఉంది" అంటాడు, ఆయన అబద్ధం చెప్పట్లేదు, ఆగి ఉన్న కార్లో నిజంగానే ఏం లేదు. మీరు చెప్పేదీ నిజమే.

మరి ఎలా పట్టుకోవాలి? దీనికి పెద్ద పరికరాలు అక్కర్లేదు, ఒక మాస్కింగ్ టేప్ కట్ట చాలు, పెయింట్ వేసేవాళ్ళు వాడే కాగితం టేప్. పెద్ద పెద్ద గాలి సొరంగాల్లో, అదే విండ్ టన్నెల్స్‌లో, ఇంజినీర్లు చేసే పద్ధతీ ఇదే. ముందు కారుని మామూలుగా ఒక స్పీడ్‌లో నడిపి వినండి. తర్వాత సందులన్నీ బయట నుంచి టేప్‌తో మూసేయండి, డోర్ల చుట్టూ, అద్దం కింద అంచు, సైడ్ మిర్రర్ మొదలు చుట్టూ, విండ్‌షీల్డ్ పక్కల ఉండే పట్టీలు, బానెట్ అంచులు, అన్నీ. మీరు ఎక్కాల్సిన డోర్‌ది చివర్లో లోపల కూర్చున్నాక ఇంకొకళ్ళ చేత వేయించుకోండి, అయితే రద్దీ లేని చోట, కాస్త దూరం మాత్రమే, ఎందుకంటే టేప్ వేసిన డోర్ లోపల నుంచి తోస్తే తెరుచుకుంటుందో లేదో ముందే చూస్కోవాలి. ఇంకో మనిషి తప్పకుండా మీతో ఉండాలి, నడిపేవాళ్ళు నడపాలి, వినేవాళ్ళు వినాలి, రెండూ ఒకళ్ళే చెయ్యొద్దు. ఇప్పుడు అదే స్పీడ్‌లో వెళ్ళండి. హోరు తగ్గిందా? బాగా తగ్గితే మీ సమస్య లీకు, బాగుచెయ్యొచ్చు, సంతోషించండి. ఏం తగ్గలేదా? అయితే అది ఆకారంలోంచో అద్దంలోంచో వస్తోంది, రబ్బర్ల మీద డబ్బు పెట్టకండి. ఈ ఒక్క ప్రయాణం మీకు ఎంత ఖర్చు మిగులుస్తుందో ఆలోచించండి.

తగ్గింది అనుకోండి. ఇప్పుడు ఒక్కో చోటే టేప్ పీకుతూ, ఒక్కో ముక్కకి ఒక్కసారి నడుపుతూ వెళ్ళాలి. మిర్రర్ దగ్గరది పీకారు, తేడా లేదు. డోర్ ముందంచు పీకారు, తేడా లేదు. పై అంచు పీకారు, వచ్చేసింది బుస. దొరికిపోయింది! ఓపిక కావాలి, సగం రోజు పడుతుంది, పట్టనివ్వండి. ఒకేసారి రెండు చోట్ల పీకితే మాత్రం మళ్ళీ మొదటికి వస్తారు.

చోటు తెలిశాక దగ్గరగా చూడ్డానికి ఇంకొన్ని తేలిక పద్ధతులున్నాయి. కాగితం ముక్క ఒకటి రబ్బరు మీద పెట్టి డోర్ వేసి లాగండి, పట్టి పట్టి రావాలి, సర్రున జారిపోతే అక్కడ రబ్బరు ఆనట్లేదు. రబ్బరుకి టాల్కమ్ పౌడర్ పల్చగా రాసి డోర్ వేసి తీస్తే, ఎదుటి రేకు మీద తెల్ల గీత పడుతుంది, ఆ గీత ఎక్కడ తెగిపోతే అక్కడ చూడాలి. కారు ఆపి ఉంచి, ఏసీ ఫ్యాన్ ఫుల్‌లో పెట్టి, బయటి గాలి లోపలికి వచ్చేలా స్విచ్ మార్చి, డోర్ల అంచులకి సబ్బు నీళ్ళు రాస్తే బుడగలు వచ్చే చోట లీకు ఉన్నట్టు. వెనక బంపర్ దగ్గర లోపలి గాలి బయటికి పోవడానికి కంపెనీవాళ్ళే పెట్టిన దారులుంటాయి, అక్కడ గాలి వస్తే కంగారు పడకండి, వాటిని మూయకండి, అవి లేకపోతే డోర్ వేసేటప్పుడు చెవులు గుప్ మంటాయి. పెద్ద వర్క్‌షాపుల్లో అయితే అల్ట్రాసోనిక్ పరికరం ఉంటుంది, లోపల ఒక చిన్న డబ్బా పెడతారు, అది 40 కిలోహెర్ట్జ్‌లో మనకి వినపడని శబ్దం చేస్తుంది, బయట నుంచి ఒక మైకుతో అంచుల వెంబడి వెతుకుతారు, కన్నం దగ్గరకి రాగానే మోగుతుంది. అయితే ఇందాక చెప్పింది గుర్తుందా, స్పీడ్‌లో మాత్రమే తెరుచుకునే సందు ఈ ఆగి ఉన్న పరీక్షల్లో దేనికీ దొరక్కపోవచ్చు. అందుకే టేప్ పరీక్షకే నా ఓటు.

బాగుచెయ్యడం చాలాసార్లు వెతకడం కన్నా తేలిక. రబ్బరు మీద ఏళ్ళ తరబడి పేరుకున్న దుమ్ము తడి గుడ్డతో తుడవండి, సగం కేసులు ఇక్కడే మెరుగవుతాయి. తర్వాత సిలికాన్ గ్రీజు పల్చగా రాయండి, మెత్తబడుతుంది. మామూలు గ్రీజు, ఇంజిన్ ఆయిల్ మాత్రం వద్దు, ఈ రబ్బర్లు ఈపీడీఎం అనే రకం, పెట్రోలియం నూనెలు తగిలితే ఉబ్బి పాడైపోతాయి. రబ్బరు దాని గాడిలోంచి ఊడి ఉంటే నొక్కి కూర్చోపెట్టండి. డోర్ మొత్తంగా వదులుగా ఉంటే, బాడీకి ఉండే కొక్కెం, స్ట్రైకర్ అంటారు, దాన్ని వదులుచేసి రవ్వంత లోపలికి జరిపి బిగిస్తే డోర్ ఇంకాస్త బిగుతుగా పడుతుంది. అది మాత్రం తెలిసినవాళ్ళ చేత చేయించండి, ఎక్కువ జరిపితే డోర్ పడదు, తక్కువైతే లాక్ సరిగ్గా పట్టదు, డోర్ లాక్ అంటే ప్రాణాలతో పని. సైడ్ మిర్రర్ డోర్‌కి కలిసే చోట మూడు మూలల ప్లాస్టిక్ ముక్క ఉంటుంది, దాని వెనక పల్చటి ఫోమ్ ఉంటుంది, అది ఎండి రాలిపోతే సరిగ్గా చెవి ఎత్తున ఈల వస్తుంది, మర్చిపోకుండా చూడండి. ఎప్పుడైనా విండ్‌షీల్డ్ మార్పించారా? ఆ తర్వాతే హోరు మొదలైందా? అయితే ఇంకెక్కడా వెతక్కండి, ముందు ఆ అద్దం చుట్టూ ఉన్న పట్టీ ఎక్కడన్నా లేచిందేమో చూడండి.

ఇక ఆకారం వల్ల పుట్టే శబ్దం. ఏ-పిల్లర్ దగ్గర గాలి మెలి తిరిగి తాడు పేనినట్టు ఒక సుడి అవుతుంది, ఆ సుడి ముందు డోర్ అద్దాన్ని రాసుకుంటూ వెనక్కి పోతుంది. దాని కిందే సైడ్ మిర్రర్ వెనక ఇంకో గజిబిజి గాలి. ఈ రెండూ కలిసి మీ చెవి పక్కనున్న అద్దాన్ని లక్ష వేళ్ళతో తడుతున్నట్టు తడుతుంటాయి. డ్రైవర్‌కి హోరు ఎక్కువగా పక్క అద్దం నుంచి వినపడేది అందుకే. కంపెనీవాళ్ళు ఆ మూల గుండ్రం తిప్పడానికి, మిర్రర్‌ని డోర్‌కి కాస్త దూరంగా సన్నటి కాడ మీద నిలబెట్టడానికి ఎంత కష్టపడతారో, ఒక్కో మిల్లీమీటరు కోసం వారాల తరబడి కూర్చుంటారు. వాళ్ళు అంత చేసి ఇచ్చినదాని మీద మనం ఏం చేస్తాం? వాన పడుతుంటే అద్దం కాస్త దించుకోవచ్చని డోర్ వైజర్ అతికిస్తాం. సరిగ్గా ఆ సుడి పోయే దారిలో ఒక ప్లాస్టిక్ రెక్క! నేను వైజర్లు వద్దనను, వాటి ఉపయోగం వాటికుంది, కానీ మీకు హోరు బాధ ఉంటే ముందు ఒకవైపు వైజర్ తీసి చూడండి. ఒకవైపు తీస్తే రెండు చెవులకీ తేడా అక్కడికక్కడే తెలుస్తుంది.

రూఫ్ మీద క్యారియర్ అడ్డ కడ్డీలు, యాంటెన్నా. వీటి కథ వేరు, ఇది నాకు చాలా ఇష్టమైన విషయం. గుండ్రటి కడ్డీ మీద నుంచి గాలి పోతే వెనక ఒకసారి పైన, ఒకసారి కింద, పాటకి తాళం వేసినట్టు సుడులు విడిపోతుంటాయి. ఆ తాళం ఎంత వేగమో చెక్ దేశపు శాస్త్రవేత్త స్ట్రౌహాల్ 1878లోనే కొలిచాడు. గాలి వేగాన్ని కడ్డీ మందంతో భాగించి 0.2తో గుణించండి, అంతే. ఐదు మిల్లీమీటర్ల యాంటెన్నా, సెకనుకి 30 మీటర్ల గాలి, ఎంత వచ్చింది? 1200 హెర్ట్జ్, అంటే సెకనుకి 1200 సార్లు. సన్నటి ఈల. అదే 25 మిల్లీమీటర్ల క్యారియర్ కడ్డీ అయితే 240, బొంగురు మూలుగు. మీ కార్లో వచ్చే స్వరం బట్టి ఎంత మందం వస్తువు పాడుతోందో లెక్కకట్టొచ్చు, చూడండి ఎంత బావుందో! దీనికి మందు కూడా అంతే అందంగా ఉంటుంది. చాలా కార్ల యాంటెన్నా మీద స్ప్రింగులా ఒక తీగ చుట్టి ఉంటుంది, గమనించారా? అలంకారం కాదది. ఆ చుట్టు వల్ల పొడవునా సుడులు ఒకే తాళంలో విడిపోవు, ఒక్కో చోట ఒక్కోలా విడిపోతాయి, తాళం తప్పితే పాట లేదు. ఫ్యాక్టరీల ఎత్తైన పొగ గొట్టాల పైభాగంలో కూడా అలాంటి చుట్లు కనపడతాయి, అక్కడ గాలికి గొట్టం ఊగి కూలకుండా. మీరు క్యారియర్ కడ్డీ తీయలేని పరిస్థితిలో ఉంటే దానికి ఒక తాడు ఏటవాలుగా, చుట్టుకీ చుట్టుకీ ఎడం ఇచ్చి గట్టిగా చుట్టి చూడండి, మూలుగు పోతుంది. కడ్డీలో గాడి ఉండి దాని రబ్బరు పట్టీ పోయి ఉంటే అది వేణువులా మోగుతుంది, ఆ పట్టీ వేయించండి. సామాను లేనప్పుడు మాత్రం కడ్డీలు విప్పి ఇంట్లో పెట్టడమే మేలు, పెట్రోలూ కలిసొస్తుంది.

మూడోది గుంటల శబ్దం, త్వరగా చెప్పేస్తా. వెనక అద్దం ఒక్కటే దించి నడిపితే చెవుల మీద "గుబ్ గుబ్ గుబ్" అని కొట్టినట్టు వస్తుంది కదా? సన్‌రూఫ్ తెరిచినా వస్తుంది. మీ కారు మొత్తం ఒక పెద్ద సీసా అయిపోయింది, ఆ కిటికీ దాని మూతి. జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ పేరు మీద హెల్మ్‌హోల్ట్జ్ రెజొనెన్స్ అంటారు. సెకనుకి పదిహేను, ఇరవై సార్లు, చెవికి వినపడటం కన్నా ఒంటికి తగులుతుంది. మందేంటంటే, ఇంకో అద్దం రెండు మూడు వేళ్ళంత దించండి, సీసాకి రెండో కన్నం పడితే మోగదు. సన్‌రూఫ్ ముందంచున లేచే చిన్న పట్టీ లేదా వల ఉంటుంది చూడండి, దాని పనీ ఇదే, గాలిని చెదరగొట్టడం. అది విరిగి ఉంటే మార్పించండి.

అద్దాల గురించి చెప్పకపోతే ఈ మాటలు సగమే. టేప్ అంతా వేసినా హోరు తగ్గలేదన్నవాళ్ళకి ఇదే సమాధానం. మామూలు డోర్ అద్దం నాలుగైదు మిల్లీమీటర్ల టెంపర్డ్ గ్లాస్. ఏ పలకకైనా ఒక బలహీనమైన స్వరం ఉంటుంది, ఆ స్వరం దగ్గర పలకలో వంపు అల పరుగెత్తే వేగమూ, గాల్లో శబ్దం వేగమూ ఒకటైపోతాయి, అప్పుడు పలక అడ్డుగోడలా కాకుండా తలుపు తీసినట్టు శబ్దాన్ని వదిలేస్తుంది. నాలుగు మిల్లీమీటర్ల అద్దానికి అది సుమారు 3000 హెర్ట్జ్ దగ్గర. మన చెవి అన్నిటికన్నా చురుగ్గా వినేది ఎక్కడ? 2000 నుంచి 5000 మధ్య. అంటే చెవి ఎక్కడ చురుకో సరిగ్గా అక్కడే అద్దం చేతులెత్తేస్తోంది! ఎంత దురదృష్టమో చూడండి. దీనికి జవాబు లామినేటెడ్ గ్లాస్, రెండు పల్చటి అద్దాల మధ్య పీవీబీ అనే ప్లాస్టిక్ పొర, మామూలుగా 0.76 మిల్లీమీటర్లు. ముందు విండ్‌షీల్డ్ అలాంటిదే. ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త బెనెడిక్టస్ 1909లో ఇలా అద్దాల మధ్య పొర పెట్టే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు, పగిలినా మీద పడకుండా ఉండాలని, శబ్దం సంగతి అప్పుడెవరికీ లేదు. ఇప్పుడు ఆ పొర మధ్యలో ఇంకా మెత్తటి పొర పెట్టి అకౌస్టిక్ గ్లాస్ అని చేస్తున్నారు, వంపు అలని ఆ మెత్తదనం మింగేస్తుంది, 3000 దగ్గర అద్దానికున్న ఆ బలహీనత చాలావరకు పోతుంది. మీ కారు డోర్ అద్దం ఏదో తెలుసుకోవాలంటే సగం దించి పై అంచు చూడండి, రెండు పలకల మధ్య గీత కనపడితే లామినేటెడ్. కొత్త కారు కొనేవాళ్ళు ఉంటే, ఆ కారు ముందు డోర్లకి ఇది ఉందో లేదో అడగండి. పెద్ద టచ్ స్క్రీన్ కన్నా రోజూ సుఖపెట్టేది ఇదే. ఎండ కోసం వేసే ఫిల్మ్ ఈ పని చెయ్యదు, అది మరీ పల్చన.

మరి డ్యాంపింగ్ షీట్లు దండగేనా? కాదు, కాదు, అలా అర్థం చేసుకోవద్దు. రేకు డప్పులా కొట్టుకుంటుంటే, రోడ్డు నుంచి బొయ్ మని వస్తుంటే, షీటు బాగా పనిచేస్తుంది, అదీ రేకు మధ్యలో కొంత మేర వేస్తే చాలు, మొత్తం కప్పక్కర్లేదు. సందులోంచి వచ్చే బుసకి మాత్రం అది మందు కాదు. షీట్లు వేసేవాళ్ళు రెండు జాగ్రత్తలు పాటించండి, ఇది ప్రాణాలకీ కారుకీ సంబంధించింది. డోర్ కింద నీళ్ళు పోయే కన్నాలు మూయొద్దు, లోపల నీళ్ళు నిలిచి డోర్ కింద నుంచి తుప్పు పట్టిపోతుంది. ఏ-పిల్లర్ లోపలా, రూఫ్ పక్క అంచుల్లోనూ కర్టెన్ ఎయిర్‌బ్యాగులు ఉండొచ్చు, అక్కడ ఏమీ కుక్కొద్దు, ఏమీ అతికించొద్దు, ఆ బ్యాగు తెరుచుకోవాల్సిన క్షణంలో అడ్డం పడుతుంది.

ఇప్పుడు మీ ప్రశ్నలు తీసుకుంటా.

ఆ బాబు అడుగుతున్నది, ఒక లీకు మూసినా తేడా తెలీలేదు, ఎందుకని. మంచి ప్రశ్న. డెసిబెల్స్ మామూలు కూడికలా ఉండవు. ఒకచోట 70, ఇంకోచోట 60 వస్తుంటే మొత్తం 130 కాదు, 70.4. ఇప్పుడు మీరు కష్టపడి ఆ 60 దాన్ని పూర్తిగా ఆపేశారు, మిగిలింది 70. చెవికి ఏం తెలుస్తుంది? ఏమీ తెలీదు. మీ శ్రమ వృథా కాలేదు, వరస తప్పింది. అన్నిటికన్నా పెద్దది ముందు పట్టుకోవాలి. పెద్దది పోయాక ఇంతవరకూ దాని చాటునున్నది బయటికి వినపడుతుంది, "అరే, కొత్త శబ్దం వచ్చింది" అని గాభరా పడతారు, అది కొత్తది కాదు, ఎప్పటి నుంచో ఉన్నదే.

మీరు అడుగుతున్నది చెప్పండమ్మా... ఎలక్ట్రిక్ కార్లో హోరు ఎక్కువా అని. గాలి అదే గాలండీ, ఇంజిన్ చప్పుడు లేదు కాబట్టి గాలి ముందుకొచ్చి కూర్చుంది. అందుకే చాలా ఎలక్ట్రిక్ కార్లలో ఇప్పుడు అకౌస్టిక్ గ్లాస్ ముందు డోర్లకి పెడుతున్నారు. దీనికి తోడు ఇంకొకళ్ళు స్పీకర్లతో ఎదురు శబ్దం చేసి అసలు శబ్దాన్ని రద్దు చేసే పద్ధతి గురించి అడిగారు. అది బొయ్ మనే తక్కువ స్వరాలకి పనిచేస్తుంది. 100 హెర్ట్జ్ అల పొడవు మూడున్నర మీటర్ల దాకా ఉంటుంది, తల కాస్త అటూ ఇటూ కదిపినా సరిపోతుంది. 3000 దగ్గర అల పొడవు 11 సెంటీమీటర్లు, తల కదిపితే లెక్క తప్పిపోతుంది. బుసకి అది పనికిరాదు.

బయట దొరికే అతికించే రబ్బరు పట్టీలు వేయొచ్చా? వేయొచ్చు, టేప్ పరీక్షలో లీకు దొరికిన చోట, అంతమేరకే. డోర్ చుట్టూ మొత్తం లావుపాటి పట్టీ వేస్తే డోర్ బాది బాది వేయాల్సి వస్తుంది, కీళ్ళ మీద, లాక్ మీద భారం, పైగా ఆ కొత్త పట్టీ కంపెనీ రబ్బరుని సరిగ్గా ఆననివ్వకుండా ఎత్తిపట్టి కొత్త లీకు తెస్తుంది. అలాంటివి పీకేసి బాగుచేసిన డోర్లు నేను చాలా చూశా.

ఫోన్లో డెసిబెల్ యాప్ నమ్మొచ్చా అని వెనక నుంచి అడుగుతున్నారు. అంకె నిజమని నమ్మకండి, తేడా చూడ్డానికి మాత్రం వాడండి. అదే ఫోను, అదే చోట పెట్టి, అదే రోడ్డు, అదే స్పీడ్, అద్దాలన్నీ ఎత్తి, ఏసీ ఫ్యాన్ ఆపి, ఒకసారి వెళ్ళి ఒకసారి తిరిగొచ్చి రెండిటి సగటు రాసుకోండి, గాలి దిక్కు ప్రభావం చాలావరకు పోతుంది. గాలి లేని రోజు తెల్లవారుజామున అయితే ఇంకా మంచిది. టేప్ వేయకముందు ఒకటి, వేశాక ఒకటి, ఆ రెండు అంకెలూ మీ దగ్గరుంటే ఏ వర్క్‌షాపుకి వెళ్ళినా "ఏం లేదండీ" అన్న మాట వినకుండా కారు చూపించగలరు. టేప్ మాత్రం ఎండలో ఎక్కువసేపు ఉంచకండి, అదే రోజు పీకేయండి, లేకపోతే జిగురు పెయింట్ మీద ఉండిపోతుంది.